శిఖరం మీద ఎవరి పేరు

ఫ్రాన్సులో ఆల్ప్స్ పర్వతాల అడుగున షామొనీ అనే ఊరుంది. ఆ ఊరి నడిబొడ్డున 1887లో నిలబెట్టిన కంచు విగ్రహంలో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఒకడు చెయ్యెత్తి మాంట్ బ్లాంక్ శిఖరాన్ని చూపిస్తుంటాడు, పక్కనున్నవాడు తలెత్తి అటే చూస్తుంటాడు. చూపిస్తున్నవాడు జాక్ బల్మా, కొండల్లో స్ఫటికాలు ఏరి అమ్ముకుని బతికిన స్థానికుడు. చూస్తున్నవాడు జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్. ఆ శిఖరానికి దారి కనిపెట్టినవారికి బహుమతి ఇస్తానని 1760లో ప్రకటించింది ఈయనే. అయితే 1786 ఆగస్టు 8న అక్కడ మొదట అడుగుపెట్టిన ఇద్దరిలో సొస్యూర్ లేడు. బల్మాతో కలిసి ఎక్కినవాడు ఆ ఊరి వైద్యుడు మిషెల్ పకార్. విగ్రహంలో పకార్ లేడు. అదే కొండ ఎక్కాలని ప్రయత్నించి విఫలమైన బురీ అనే రచయిత పకార్‌ను చిన్నబుచ్చుతూ రాశాడు. ముసలితనంలో బల్మా చెప్పుకున్న కథను నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా అచ్చువేయడంతో అదే చరిత్రగా స్థిరపడింది. ఆ రోజు కింద ఊళ్లోంచి దుర్భిణితో చూసిన ఒక జర్మన్ బారన్ రాసిపెట్టుకున్న వివరాలు ఎప్పటికో వెలుగులోకి వచ్చాక గాని పకార్‌కు జరిగిన అన్యాయం లోకానికి తెలియలేదు. ఆయనకు విగ్రహం పెట్టింది 1986లో, సరిగ్గా 200 ఏళ్లకు.

పర్వతారోహకులను సత్కరించే ఆచారం ఇలా ఒక తప్పుతో మొదలైంది. ఆ తర్వాతి చరిత్రను వరసగా చూస్తే ఆ తప్పు మళ్లీ మళ్లీ ఎందుకు జరిగిందో కూడా తెలుస్తుంది. శిఖరాన్నీ జెండానీ చూసి ఇచ్చిన గౌరవాలను తర్వాతి తరాలు సవరించుకోవలసి వచ్చింది. కొండ మీద జరిగిన పనిని చూసి ఇచ్చినవి మాత్రం ఎవరూ వేలెత్తి చూపకుండా నిలిచాయి. నా వాదన ఇదే. శిఖరం చేరినవారిని గౌరవించవద్దని నేననడం లేదు. కొలబద్ద శిఖరం ఒక్కటే అయినప్పుడు గౌరవం దారి తప్పుతుందని మాత్రమే అంటున్నాను.

మన దేశం వైపు చూస్తే, 1865లో రెండు సంగతులు జరిగాయి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరానికి లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఎవరెస్టు అని పేరు ఖాయం చేసింది. జార్జ్ ఎవరెస్టు సర్వేయర్ జనరల్‌గా ఎప్పుడో పదవీ విరమణ చేసినవాడు, ఆ శిఖరం ఎత్తు లెక్కకట్టిన పనిలో ఆయన పాత్ర లేదు, పైగా తన పేరు స్థానికుల నోట పలకదని ఆయనే అభ్యంతరం చెప్పాడు. లెక్కలతో కుస్తీపట్టిన రాధానాథ్ సిక్దర్ పేరు చాలాకాలం పుస్తకాల అడుగుభాగాన ఉండిపోయింది. అదే సంవత్సరం కుమావూ ప్రాంతపు బడిపంతులు నైన్ సింగ్ రావత్ బౌద్ధ యాత్రికుడి వేషంలో లాసా దారి పట్టాడు. జపమాలలో ఉండవలసిన 108 పూసలకు బదులు ఆయన మాలలో 100 పూసలే ఉండేవి. నూరు అడుగులకు ఒక పూస జరుపుతూ, కొలతలను ప్రార్థనాచక్రంలో దాచుకుంటూ, వందల మైళ్లు అలా కొలిచాడు. 1877లో అదే సొసైటీ తన బంగారు పతకాన్ని ఆయనకిచ్చింది. ఒక సంస్థ ఇచ్చిన రెండు గౌరవాల్లో ఒకటి పదవిని చూసి ఇచ్చింది, రెండోది పనిని చూసి ఇచ్చింది. మొదటిదాని మీద ఈనాటికీ వాదన నడుస్తూనే ఉంది. నైన్ సింగ్ పతకం మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. 2004లో భారత తపాలా శాఖ సిక్దర్‌నూ నైన్ సింగ్‌నూ స్టాంపుల మీదికెక్కించినప్పుడు సిక్దర్‌కు ఆలస్యంగానైనా కొంత న్యాయం జరిగింది.

మళ్లీ షామొనీకే రావాలి. 1924లో అక్కడ జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్ ముగింపు సభలో, 1922 నాటి బ్రిటిష్ ఎవరెస్టు బృందానికి పతకాలిచ్చారు. వాటిని అందుకున్నది ఉపనాయకుడు ఎడ్వర్డ్ స్ట్రట్. వాటిలో ఒకదాన్ని ఎవరెస్టు మీద ఉంచుతామని ఆయన మాటిచ్చాడు, ఆ మాట 2012లో గాని తీరలేదు. ఈ పతకాల విశేషమేమిటంటే, ఆ బృందం శిఖరం చేరలేదు. పైగా 1922 జూన్ 7న, బృంద సభ్యుడు మాలరీ నాయకత్వంలో మూడో ప్రయత్నానికి బయల్దేరినప్పుడు నార్త్ కోల్ అనే కనుమ కింద మంచు చరియ విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. బ్రిటిష్ వాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి బృందంలోని సోమర్‌వెల్ మనసును జీవితాంతం తొలిచింది. తమలో ఒక్కరైనా ఆ చావులో పాలు పంచుకుని ఉంటే బాగుండేదని బాధపడుతూ రాసుకున్నాడు. తర్వాత ఆయన మన దక్షిణానికే వచ్చి, తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు ఆసుపత్రిలో దశాబ్దాలపాటు వైద్యం చేశాడు. ఒలింపిక్ పతకాల జాబితాలో ఆ ఏడుగురు కూలీలనూ చేర్చారు. పతకం పుచ్చుకోవడానికి వాళ్లు లేరన్నది నిజమే. అయినా సామ్రాజ్యం ఉచ్చదశలో ఉన్న రోజుల్లో, శిఖరం అందని ఒక ప్రయత్నానికి, అందులో ప్రాణాలిచ్చిన కూలీలకు దొరల పతకంతో సమానమైన పతకం దక్కిందంటే ఆ ఒలింపిక్ కమిటీని మెచ్చుకోవాలి. అలాంటి ఔచిత్యం ఆ తర్వాత చాలా ఏళ్లు కనిపించదు.

కూలీలను ప్రత్యేకంగా గుర్తించే పద్ధతి హిమాలయన్ క్లబ్ తెచ్చింది. 1928లో పుట్టిన ఈ క్లబ్ డార్జిలింగ్‌లో షెర్పాల వివరాలు నమోదుచేసి, ఎవరు ఏ యాత్రలో ఎలా పనిచేశారో రాసిపెట్టేది. ఎత్తయిన శిబిరాలకు బరువులు మోసినవారిలో మేటివారికి 1930ల చివర ‘టైగర్’ బ్యాడ్జీలు ఇవ్వసాగింది. బ్యాడ్జీ ఉన్నవారికి మంచు రేఖకు పైన కూలి ఎక్కువ. టెన్సింగ్ నార్గేకు మొదట దక్కిన గౌరవం ఇదే. ఇది యజమానులు పనివాళ్లకిచ్చిన యోగ్యతాపత్రం కదా, ఇందులో గౌరవమెక్కడుంది అని అడగవచ్చు. ఆ వాసన ఉన్నమాట కాదనలేం. కాని ఆ బ్యాడ్జీ వెనకున్న ప్రమాణాన్ని చూడాలి. శిఖరం ఎక్కావా అని అది అడగలేదు. ఎంత ఎత్తున, ఎలాంటి వాతావరణంలో, తోటివారికి ఎంత ఆసరాగా నిలిచావని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ కాలపు షెర్పాలు ఇచ్చిన జవాబులు మామూలువి కావు. 1934లో నంగా పర్బత్ మీద తుపానులో చిక్కిన జర్మన్ బృందంలో, కిందికి దిగే ఓపిక ఉండి కూడా గేలే అనే షెర్పా నాయకుడు మెర్కెల్‌ను విడిచి రాలేదు. నాలుగేళ్ల తర్వాత ఇద్దరి దేహాలూ దొరికాయి. అదే తుపానులోంచి కాళ్లు గడ్డకట్టి ఒంటరిగా దిగివచ్చిన అంగ్ త్సేరింగ్‌కు జర్మన్ రెడ్‌క్రాస్ పతకమిచ్చింది. 1939లో కే2 మీద ఒంటరిగా చిక్కుకుపోయిన ఒక అమెరికన్‌ను తేవడానికి పాసంగ్ కికులి, ఇంకో ఇద్దరు షెర్పాలు పైకి వెళ్లి మళ్లీ తిరిగిరాలేదు. పర్వతారోహణ చరిత్రలో ఇంతకన్నా పెద్ద సాహసం నాకు తెలియదు. వీళ్లెవరూ ఆ శిఖరాలు ఎక్కలేదు.

1953 మే 29న టెన్సింగ్, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు ఎక్కాక సత్కారాల చరిత్ర ఒక్కసారిగా రాజకీయమైపోయింది. వార్త లండన్ చేరింది రాణి పట్టాభిషేకం రోజున. నాయకుడు హంట్‌కూ హిల్లరీకీ ‘సర్’ బిరుదులొచ్చాయి. టెన్సింగ్‌కు జార్జ్ మెడల్ ఇచ్చారు. ఆయన బ్రిటిష్ పౌరుడు కాడు కనుక ‘సర్’ కుదరదని కొందరు, భారత ప్రభుత్వం ఇష్టపడలేదని కొందరు చెబుతూ వచ్చారు. కారణం ఏదైనా, ఒకే తాడుకు కట్టుకుని ఒకే శిఖరం ఎక్కిన ఇద్దరికి రెండు మెట్ల గౌరవం దక్కింది, అది అందరి కళ్లకూ కనిపించింది. నేపాల్‌లో దీనికి ఎదురు గాలి వీచింది. ఖాట్మండూ దారిలో కట్టిన బ్యానర్ల మీద టెన్సింగ్ శిఖరం మీద నిలబడి తాడుతో హిల్లరీని పైకి లాగుతున్నట్టు బొమ్మలు గీశారు. టెన్సింగ్ మావాడంటే మావాడని రెండు దేశాలు వాదించుకున్నాయి. మొదట ఎవరు కాలుపెట్టారన్న ప్రశ్న ఎంత ముదిరిందంటే, ఇద్దరం దాదాపు ఒకేసారి చేరామని ఖాట్మండూలో సంయుక్త ప్రకటన మీద సంతకాలు పెట్టవలసివచ్చింది. హిల్లరీ కొన్ని అడుగులు ముందున్నాడని 1955లో టెన్సింగ్ తన ఆత్మకథలో చెప్పేశాడు. అలా చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలి! ఆ ఇద్దరికీ లేని తగువు, సత్కరించేవాళ్లకు పుట్టింది.

ఆ గొడవలో మరుగున పడిన గొప్ప నిర్ణయం ఒకటుంది. నెహ్రూ టెన్సింగ్‌ను పొగిడి వదిలేయకుండా, 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించి, క్షేత్ర శిక్షణకు ఆయన్నే మొదటి డైరెక్టర్‌ను చేశాడు. పద్మభూషణ్ వచ్చింది 1959లో. నా దృష్టిలో పద్మభూషణ్ కన్నా ఈ ఉద్యోగమే పెద్ద గౌరవం. బరువులు మోసిన చేతులకు పాఠం చెప్పే అధికారం ఇచ్చింది కనుక. ఆయన మేనల్లుడు నవాంగ్ గోంబు కథ దీనికి రుజువు. 1953లో సౌత్ కోల్ దాకా బరువులు మోసిన కుర్రవాడు గోంబు. 1963లో అమెరికన్ బృందంతో ఎవరెస్టు ఎక్కి, వైట్‌హౌస్ తోటలో అధ్యక్షుడు కెనెడీ మెడలో తమ సంప్రదాయపు ఖదా కండువా వేశాడు. 1965 మే 20న కెప్టెన్ కోహ్లీ నాయకత్వంలోని భారత బృందంతో మళ్లీ ఎక్కి, రెండుసార్లు ఎవరెస్టు ఎక్కిన మొదటి మనిషయ్యాడు. ఆ బృందంలో తొమ్మిదిమంది శిఖరం చేరారు. కోహ్లీకి, గోంబుకు, సోనమ్ గ్యాత్సోకు పద్మభూషణ్ ఇచ్చారు. దానికన్నా ముఖ్యం, అర్జున పురస్కారాన్ని బృందం మొత్తానికి ఇచ్చారు. పైకి వెళ్లిన తొమ్మిదిమందితోపాటు కింది శిబిరాల్లో ఆగిపోయినవారూ అందులో ఉన్నారు. కొండ మీద పని ఎలా సాగుతుందో తెలిసిన ప్రభుత్వం చెయ్యగల పని అది.

ఒక దశాబ్దం వెనక్కి వెళ్లి ఇటలీ పక్క చూస్తే, శిఖరాన్ని మాత్రమే లెక్కపెట్టడం ఎంత దూరం తీసుకెళుతుందో కనిపిస్తుంది. 1954లో కే2ను మొదట ఎక్కిన ఇటాలియన్లకు ఆక్సిజన్ సిలిండర్లు మోసుకెళ్లిన వాల్టర్ బొనాటీ, హుంజాకు చెందిన అమీర్ మెహదీ ఆ రాత్రి 8,000 మీటర్లకు పైన, గుడారం లేకుండా మంచులో కూర్చుని గడిపారు. మెహదీ కాలివేళ్లు పోయాయి. విజేతల పేర్లు జాతీయ కీర్తి అయ్యాయి, తనమీద వేసిన నిందలను తుడుచుకోవడానికి బొనాటీకి అర్ధ శతాబ్దం పట్టింది. ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్ ఆయన చెప్పిందే నిజమని ఒప్పుకున్నది ఈ శతాబ్దంలోనే. మెహదీ పేరు అప్పటికీ చాలామందికి తెలియదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. శిఖరం కనీసం కొలవగలిగింది. ఎక్కారో లేదో తేల్చవచ్చు. ధైర్యం, నమ్మకం, తోడు అనేవాటిని ఏ కమిటీ తూస్తుంది అని. కాని శిఖరం కూడా అంత సులువుగా తేలేది కాదని ఇటీవలి అనుభవమే చెబుతోంది. ఖాట్మండూలో దశాబ్దాలపాటు ప్రతి యాత్రనూ నమోదుచేసిన ఎలిజబెత్ హాలీ ఒక్క పెద్ద శిఖరమూ ఎక్కలేదు. హోటల్‌కు వెళ్లి దిగివచ్చినవారిని దారి, తేదీ, శిఖరం మీదినుంచి ఏం కనిపించిందీ అడిగి రాసుకునేది. 2018లో ఆమె పోయేదాకా పర్వతారోహకులకు ఆమె ఒప్పుకోలే అసలు ధ్రువపత్రం. మరోవైపు 2016లో ఫోటోలు మార్చి ఎవరెస్టు ఎక్కామన్న ఒక భారతీయ దంపతులపై నేపాల్ పదేళ్ల నిషేధం విధించింది. 2020లో టెన్సింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారానికి ఎంపికైన ఒకరి మీద ఇలాంటి అనుమానమే రావడంతో దాన్ని నిలిపివేశారు, మరుసటి ఏడాది నేపాల్ ఆ ధ్రువపత్రాన్ని రద్దుచేసింది. పద్నాలుగు ఎనిమిదివేల మీటర్ల శిఖరాలూ మొదట ఎక్కిన మెస్నర్, అన్నపూర్ణ మీద అసలు కొసకు కాస్త దూరంలో ఆగాడన్న పరిశోధన ఆధారంగా 2023లో గిన్నిస్ ఆ రికార్డును అమెరికన్ ఎడ్ వీస్టర్స్‌కు మార్చింది. వీస్టర్స్ మాత్రం దాన్ని ఒప్పుకోలేదు, మొదటివాడు మెస్నరేనన్నాడు. అందువల్ల రెండు కొలతలూ కష్టమైనవే. శిఖరాన్ని పరిశీలించడానికి పెట్టే శ్రద్ధలో కొంత తోటివారి సాక్ష్యం సేకరించడానికి పెడితే, ఎవరు ఎవరికి తాడు కట్టారో, ఎవరు వెనక్కి తిరిగారో తెలియకుండా పోదు.

ఇంకొందరు అసలు పురస్కారాలే వద్దంటారు. ఈ మాటకు కూడా గౌరవమివ్వాలి, అంటున్నవాళ్లు గొప్ప ఆరోహకులు కనుక. 1988లో కాల్గరీ ఒలింపిక్స్ సందర్భంగా ఇవ్వజూపిన గౌరవాన్ని పర్వతారోహణ పోటీ కాదంటూ మెస్నర్ తిరస్కరించాడు. ఫ్రాన్సులో 1990ల మొదట్లో మొదలైన పియోలె దోర్ పురస్కారాన్ని మొదట అందుకున్నవారిలో ఒకడైన స్లొవేనియా ఆరోహకుడు మార్కో ప్రెజెల్, 2007లో అదే పురస్కారం మళ్లీ వస్తే ఒకరి ఆరోహణను ఇంకొకరి ఆరోహణతో పోల్చి విజేతను తేల్చడం తప్పని విమర్శించాడు. మరుసటి ఏడాది పురస్కారం ఆగిపోయింది, 2009లో పద్ధతి మార్చుకుని తిరిగి వచ్చింది. అప్పుడే మొదలైన జీవిత సాఫల్య పురస్కారం మొదట బొనాటీకి దక్కింది. పురస్కారం ఆగలేదు, మెరుగుపడింది. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ ఇంకో దారి చూపింది. తమ లక్ష్యాన్ని వదులుకుని, ప్రాణాలకు తెగించి ఇతరులను కాపాడినవారికి డేవిడ్ సోల్స్ పేరిట ప్రత్యేక పురస్కారం ఇస్తోంది. 1996 ఎవరెస్టు తుపానులో ఒంటరిగా చీకట్లోకి వెళ్లి తోటివారిని గుడారాలకు చేర్చిన అనతోలి బుక్రీవ్‌కు మరుసటి ఏడాది దాన్నిచ్చారు. 2018 జనవరిలో నంగా పర్బత్ మీద ఫ్రెంచి ఆరోహకురాలిని కాపాడిన పోలిష్ బృందానికీ అదే గౌరవం దక్కింది. పోటీ అన్న మాటే రాకుండా గౌరవించే వీలుందని దీనివల్ల తేలుతోంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే వాదన, షెర్పాలు డబ్బు తీసుకుని చేస్తారు కదా, మళ్లీ గౌరవమెందుకన్నది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలోని ఖుంబూ ఐస్‌ఫాల్‌లో ఇతరుల సామాను మోస్తూ 16 మంది నేపాలీ శ్రామికులు చనిపోయినప్పుడు, ప్రభుత్వం మొదట ఒక్కో కుటుంబానికి 40 వేల నేపాలీ రూపాయలు ప్రకటించింది. ఆ సీజన్ దాదాపుగా ఆగిపోయేలా షెర్పాలు నిరసన తెలిపారు. కూలి అన్నది బరువుకు ఇచ్చే వెల. గేలే చేసిన పనికి కూలి ఎంత? 2023 మే 18న గెల్జే షెర్పా తన క్లయింటును శిఖరానికి తీసుకెళ్లడం మానుకుని, ఎవరెస్టు పైభాగాన కదలలేని స్థితిలో ఉన్న ఒక అపరిచితుడిని వీపున కట్టుకుని దింపుకొచ్చాడు. ఆ పని ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు. 1993 ఏప్రిల్ 22న ఎవరెస్టు ఎక్కిన మొదటి నేపాలీ మహిళ పాసంగ్ ల్హాము దిగుతున్నప్పుడు, జబ్బుపడిన సోనమ్ త్సేరింగ్‌ను వదిలి రాకుండా అతనితోపాటే చనిపోయింది. నేపాల్ ఆమెకు ‘నేపాల్ తారా’ ఇచ్చింది, విగ్రహం పెట్టింది, ఒక శిఖరానికి ఆమె పేరు పెట్టింది. ఎంత చేసినా తక్కువే. అయినా ఆ సత్కారాలు ఆమె శిఖరం గురించే చెబుతాయి, ఆగిపోయి నిలబడ్డ ఆ చివరి గంటల గురించి చెప్పవు.

తెలుగువాళ్లకు ఈ చర్చ దూరపుది కాదు. ఖుంబూ ప్రమాదం జరిగిన నెల రోజులకే, 2014 మే 25న, కొండకు అవతలి టిబెట్ వైపునుంచి నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్లకు చెందిన ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. కొత్తగా ఏర్పడిన తెలంగాణ ప్రభుత్వం ఒక్కొక్కరికి 25 లక్షల రూపాయలు ప్రకటించింది. ఇలాంటి చోట శిఖరానికే దండ వెయ్యాలి, ఒక కూలీ ఇంటి గిరిజన బాలిక ఫోటో ఊరూరా కనిపించడం వల్ల కలిగే ధైర్యానికి సాటి లేదు అనేవారున్నారు. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఆ పిల్లలకు అసలు గౌరవం 25 లక్షల కన్నా ముందే దక్కింది. భువనగిరి గుట్ట మీద వారికి రాతి ఆరోహణ నేర్పినప్పుడు, తర్వాత డార్జిలింగ్‌లోని టెన్సింగ్ సంస్థకు శిక్షణకు పంపినప్పుడు, ఈ పిల్లలు ఈ పని చెయ్యగలరని ఒక వ్యవస్థ నమ్మినప్పుడు. 1954లో టెన్సింగ్‌కు చేసిన మర్యాద 60 ఏళ్లకు పాకాల దాకా వచ్చిందన్నమాట.

అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో ఉంది. అక్కడ చదివిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు 1985 సైనిక ఎవరెస్టు యాత్రలో చనిపోయిన ఐదుగురిలో ఒకరు. ఆయన శిఖరం చేరలేదు. ఆ బడి ఆయన విగ్రహం పెట్టింది. రోజూ ఆ విగ్రహాన్ని చూస్తూ చదివిన నెల్లూరు జిల్లా కుర్రవాడు మల్లి మస్తాన్ బాబు, 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి రికార్డు సృష్టించాడు, 2015లో ఆండీస్‌లో ప్రాణాలు విడిచాడు. శిఖరం చేరినవారికే సత్కారమన్న నియమం కోరుకొండలో పాటించి ఉంటే, ఆ పిల్లవాడి ముందు ఆ విగ్రహం ఉండేది కాదు.

టెన్సింగ్ పేరిట కేంద్రం ఇచ్చే పురస్కారానికి 2020 నుంచి 15 లక్షల రూపాయల నగదు, టెన్సింగ్ కంచు ప్రతిమ ఉన్నాయి. ఆ ధ్రువపత్రంలో శిఖరం పేరు, తేదీతోపాటు తాడు పట్టి నడిపించిన షెర్పాల పేర్లు కూడా రాయవచ్చు. భూమి, నీరు, ఆకాశం అన్న విభాగాల పక్కన, ఇతరులను కాపాడటానికి శిఖరాన్ని వదులుకున్నవారికి ఒక విభాగం చేర్చవచ్చు. బృందం మొత్తానికి పురస్కారమిచ్చిన 1965 ఉదాహరణ మన దగ్గరే ఉంది కనుక ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. ఎవరెస్టు ఎక్కివచ్చిన పిల్లలకు సన్మాన సభలు జరిపే రెండు తెలుగు రాష్ట్రాలూ, రాబోయే సభలో ఆ పిల్లల వెంట ఎక్కిన షెర్పాలను వేదిక మీదికి పిలిచి, వాళ్ల పేర్లు చదివి, అదే శాలువా వాళ్ల భుజాల మీద కూడా కప్పవచ్చు.